మినీమూగ్ ఆధారంగా అనలాగ్ సింథసైజర్‌ను అర్థం చేసుకోవడం

విద్యుత్తుతో శబ్దాన్ని పుట్టించే వాయిద్యమైన అనలాగ్ సింథసైజర్‌లో విద్యుత్తు రెండు రకాల పనులు చేస్తుంది. కొంత మన చెవికి చేరే శబ్దమవుతుంది. మిగిలినది ఆ శబ్దం ఎప్పుడు, ఎంత మారాలో ఆయా భాగాలకు నిర్దేశిస్తుంది. 1970లో వెలువడిన మినీమూగ్ అనే సింథసైజర్‌లో శబ్దం నడిచే దారి ఎడమ నుంచి కుడికి వరుసగా అమర్చి ఉంటుంది కనుక, దానితోగాని దాని నమూనాలో తయారైన వాయిద్యంతోగాని అభ్యాసం మొదలుపెట్టడం మేలు.

ముందుగా శబ్దాలను కలిపే మిక్సర్‌లో ఒకటో ఆసిలేటర్‌ను (తరంగాన్ని పుట్టించే భాగం) మాత్రమే ఉంచి, రంపపు పళ్ల ఆకారపు సాటూత్ తరంగాన్ని ఎంచుకొని, ఫిల్టర్ కటాఫ్‌ను (ఫిల్టర్ అణచడం మొదలుపెట్టే పౌనఃపున్యం) పూర్తిగా తెరవండి. అప్పుడు 110 హెర్ట్జ్ స్వరాన్ని మోగిస్తే దానితోపాటు 220, 330, 440 హెర్ట్జ్‌ల హార్మోనిక్స్ (మూల స్వరపు పౌనఃపున్యానికి గుణిజాలు) కూడా సగం, మూడో వంతు, నాలుగో వంతు బలంతో వినిపిస్తాయి. స్క్వేర్ తరంగానికి మార్చితే సరిసంఖ్య హార్మోనిక్స్ తొలగిపోయి, నాదం క్లారినెట్‌ను తలపిస్తుంది.

మళ్లీ సాటూత్‌కు వచ్చి కటాఫ్‌ను నెమ్మదిగా తగ్గించండి. ఈ లోపాస్ ఫిల్టర్ కటాఫ్‌కు పైనున్న హార్మోనిక్స్‌ను ఒక్కో ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం రెట్టింపయ్యే దూరం) 24 డెసిబెల్స్ చొప్పున అణచివేస్తుంది కనుక పదును క్రమంగా పోయి ధ్వని గుండ్రబడుతుంది. ఎంఫసిస్ నాబ్‌ను పెంచితే కటాఫ్ దగ్గరి హార్మోనిక్స్ ముందుకు వస్తాయి. మరీ పెంచితే ఫిల్టర్ తానే మోగడం ప్రారంభిస్తుంది.

అసలు కిటుకంతా కాంటూర్లలో, అంటే కాలంతోపాటు నాదాన్ని మార్చే వోల్టేజీల్లో ఉంది. మీట నొక్కగానే రెండు కాంటూర్ జనరేటర్లు ఒకేసారి బయలుదేరి, ఒకటి ఫిల్టర్ కటాఫ్‌ను, రెండోది చివర ఉన్న యాంప్లిఫయర్‌ను నడిపిస్తాయి. తీగను మీటి వదిలినట్లుండే బేస్ నాదం కావాలంటే కటాఫ్‌ను బాగా తగ్గించి, అమౌంట్ ఆఫ్ కాంటూర్‌ను (కాంటూర్ కటాఫ్‌ను ఎంత కదిలించాలో చెప్పే నాబ్) సగానికి పైగా పెంచి, ఫిల్టర్ కాంటూర్‌లో అటాక్‌ను (పైకి ఎక్కే సమయం), సస్టెయిన్‌ను (మీట నొక్కి ఉంచినంతసేపు నిలిచే స్థాయి) సున్నాకు తెచ్చి, డికేను (ఆ స్థాయికి దిగే సమయం) కొద్దిగా మాత్రమే ఉంచండి. కటాఫ్ ముందే తెరిచి ఉంటే కాంటూర్‌కు పని మిగలదు. అలాగే యాంప్లిఫయర్‌ను నడిపే లౌడ్‌నెస్ కాంటూర్ డికే మరీ పొట్టిగా, సస్టెయిన్ సున్నాగా ఉంటే, ఫిల్టర్ మూసుకునేలోపే శబ్దం ఆగిపోయి ఆ మార్పు చెవికి అందదు. నాదం నిర్జీవంగా ఉన్నప్పుడు తరంగాన్ని మార్చేకంటే ముందు ఈ రెండు కాంటూర్ల పొత్తును సరిచూడాలని నా అభిప్రాయం.

కీబోర్డు కూడా వోల్టేజి పంపే పరికరమే. ఆక్టేవ్‌కు ఒక వోల్టు లెక్కన, పక్క మీటకు వెళితే వోల్టులో పన్నెండో వంతు పెరుగుతుంది. వోల్టేజీలను కలపవచ్చు కనుక, కీబోర్డు ఇచ్చే దానిమీద మరో కదలికను చేర్చడం సులభం. మూడో ఆసిలేటర్‌ను అతి నెమ్మదిగా ఊగే ‘లో’ రేంజ్‌లో ఉంచి, కీబోర్డు అదుపు నుంచి విడిపించి, ఆసిలేటర్ మాడ్యులేషన్ స్విచ్‌ను వేసి, మాడ్యులేషన్ వీల్‌ను కొంచెం పైకి జరపండి: స్వరం పైకీ కిందికీ ఊగే వైబ్రాటో వస్తుంది. ఆ స్విచ్‌ను ఆపి ఫిల్టర్ మాడ్యులేషన్ స్విచ్‌ను వేస్తే అదే ఊపు నాదపు పదునును మారుస్తుంది.

చివరగా రెండో ఆసిలేటర్‌ను కలిపి, మొదటి దానికంటే అర హెర్ట్జ్ పెంచండి. రెండు సెకన్లకు ఒకసారి ధ్వని ఉబ్బి తగ్గుతుంది. అయితే పాత అనలాగ్ వాయిద్యాల్లో వేడిమిని బట్టి శ్రుతి జారుతుంది కనుక, ఈ సర్దుబాటును వాయిద్యం కాసేపు వేడెక్కిన తరువాతే చేయాలి.