ఎండ సర్వే ప్రశ్నల్ని కూలీల మాటలోకి మార్చడం ఎలా?

పోయిన ఎండాకాలం వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో ఒక హమాలీని ఆపి నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పని సమయంలో మీకు ఉష్ణ ఒత్తిడి కలుగుతుందా?" ఆయన వీపు మీది మిర్చి బస్తా దించి, తువ్వాలతో మెడ తుడుచుకుని, "ఒత్తిడేం లేదు సారు, పైసలు టైంకు రాకుంటెనే టెన్షన్" అన్నాడు. నా కాగితం మీద 'లేదు' దగ్గర టిక్ పడింది. చొక్కా మీద చెమట ఆరి ఉప్పు తెల్లటి చారలు కట్టిన మనిషికి ఎండతో ఏ ఇబ్బందీ లేదని నా సర్వే తేల్చేసిందన్నమాట.

అప్పటినుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా. పబ్లిక్ హెల్త్ చదివేవాళ్లకు, ఎన్జీవోల్లో ఉన్నవాళ్లకు పనికొస్తుంది.

ముందు ఒక మాట, ప్రశ్నలు మొదటినుంచి మీరే తయారు చేయకండి. హీట్ స్ట్రెస్ (ఎండకు, ఉక్కకు ఒంటి మీద పడే భారం) మీద పరీక్షకు నిలిచిన ప్రశ్నాపత్రాలు ఉన్నాయి, ఒకటి ఎంచుకుని, దాన్ని తయారు చేసినవాళ్లకు మెయిల్ పెట్టి అనుమతి అడగండి, చాలామంది ఇస్తారు. తర్వాతి దారి అందరికీ ఒకటే. బీటన్ అనే పరిశోధకురాలి బృందం 2000లో స్పైన్ అనే వైద్య పత్రికలో చెప్పిన పద్ధతినే ఎక్కువమంది పాటిస్తారు: ఇద్దరు విడివిడిగా అనువాదం చేయాలి, రెండింటినీ కలిపి ఒకటి చేయాలి, దాన్ని అసలు పత్రం చూడని ఇద్దరు తిరిగి మూలభాషలోకి మార్చాలి, కమిటీ కూర్చుని తేడాలు తేల్చాలి, చివరికి 30-40 మంది మీద ప్రయోగించి చూడాలి. మలేషియాలో పామాయిల్ తోటల కూలీల కోసం అక్కడి మలయ్ భాషలోకి మార్చినా, మన ఉపాధి హామీ కూలీల కోసం తెలుగులోకి మార్చినా మెట్లు ఇవే. జారే చోట్లు మాత్రం వేరు.

అనువాదకుల్లో ఒకరికి వైద్యం తెలిసుండాలి, రెండోవాళ్లకు ఈ విషయమే తెలియకూడదు. రెండోవాళ్లు వరంగల్, కరీంనగర్ వైపు పుట్టి పెరిగినవాళ్లయితే సగం పని అయినట్టే. మా మొదటి అనువాదంలో 'నిర్జలీకరణం' అని వచ్చింది. రెండోదాంట్లో "నాలుక పిడచకట్టుకపోవుడు". ఏది ఉంచామో చెప్పక్కర్లేదు.

తిరుగు అనువాదాన్ని మాత్రం అతిగా నమ్మకండి. 'ఉష్ణ ఒత్తిడి'ని ఇంగ్లీషులోకి తిప్పితే చక్కగా హీట్ స్ట్రెస్ అనే వస్తుంది, కమిటీ శభాష్ అంటుంది, కానీ మార్కెట్‌లో ఆ మాటకు అర్థం టెన్షన్. కాగితం మీద ఎంత బాగా కుదిరితే అంత అనుమానించాల్సిన మాటలు కొన్ని ఉంటాయి, పుస్తకాల తెలుగు మొత్తం ఆ జాబితాలోకే వస్తుంది.

ఇక అసలు చిక్కు 'వేడి'. "ఎండలో పనిచేస్తే మీకు వేడి చేస్తుందా?" అని మేము రెండో రౌండ్‌లో అడిగాం. అందరూ అవుననే అన్నారు. సంతోషపడ్డాం. తీరా "వేడి చేస్తే ఏమైతది?" అని తరచి అడిగితే నోట్లో పుండ్లు, మూత్రంలో మంట, కళ్లమంట, మామిడిపండ్లు ఎక్కువ తింటే అయ్యేది, కోడికూర తింటే అయ్యేది అన్నీ బయటికొచ్చాయి. తెలుగులో వేడి చేయడం తిండితో, ఒంటి తత్వంతో ముడిపడిన మాట, థర్మామీటర్‌కు దానితో సంబంధం లేదు. "ఒళ్లు కాలుతున్నదా?" అంటే జ్వరం. అందుకే మేము వేడి అనే మాటే తీసేసి "ఎండకు" అని వాడాం, షెడ్డు కింద పనిచేసేవాళ్లకైతే "ఉక్కకు". మలయ్‌లో కూడా ఇలాంటి మెలికే ఒకటి ఉంది: 'పెనింగ్' అనే మాటను తల తిరగడానికీ వాడతారు, తలనొప్పికీ వాడతారు. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలుగా ఉన్న పత్రాన్ని అక్కడ తిన్నగా అనువదిస్తే ఒకే జవాబు రెండుసార్లు లెక్కకొస్తుంది.

వడదెబ్బ ఇంకో తలనొప్పి. డాక్టర్ల లెక్కలో హీట్ స్ట్రోక్ అంటే ఒంటి లోపలి ఉష్ణోగ్రత సుమారు 40 డిగ్రీలు దాటడం, మాట తడబడటం, మనిషి మనిషిలో లేకపోవడం. మనవాళ్లలో కొందరికి వడదెబ్బ అంటే పేపర్లో చదివే చావు, ఇంకొందరికి రెండు వాంతులు, ఒక విరేచనం అయినా వడదెబ్బే. కాబట్టి జబ్బు పేరు అడగొద్దు, ఏం జరిగిందో అడగండి. "తల తిరిగి కూలబడ్డరా?" "సోయి తప్పిందా?" "పిక్కలు, కడుపు పట్టేసినయా?" ఒక్కో ప్రశ్నలో ఒక్కటే. "తల తిరగడం లేదా స్పృహ తప్పడం" అని రెండూ కలిపితే వచ్చిన 'అవును' దేనికో మీకే తెలియదు.

"చర్మం ఎర్రబడిందా?" అనేది మా దగ్గర పనికిరాలేదు, నల్లటి ఒంటి మీద ఎరుపు కనపడదు కదా. మిర్చి యార్డులో కళ్లమంట, ఒళ్లుమంట అడగడం ఇంకా దండగ, ఆ ఘాటుకు పది నిమిషాలు నిలబడ్డ నాకే రెండూ వచ్చాయి. ఏనుమాములలో దండగైన ఈ మంట ప్రశ్న భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దగ్గర ఉపయోగపడొచ్చు, అందుకే పని చోటును బట్టి ఏది తీసేశారో రాసిపెట్టుకోండి.

జవాబుల స్కేలు దగ్గర తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. 'ఎప్పుడూ' అంటే రోజూ అని అర్థం, 'ఎప్పుడూ లేదు' అంటే అసలే లేదని. కాగితం మీద తేడా తెలుస్తుంది, కానీ లారీ హారన్ల మధ్య చదివి వినిపిస్తే చివరి ముక్క గాలిలో కలుస్తుంది. 'అరుదుగా' అన్న మాట మాకు ఒక్క కూలీ నోట కూడా వినపడలేదు. మేము స్కేలునే మార్చేశాం. ఏడు చింతగింజలు చేతిలో పెట్టి, "పోయిన వారంల ఎన్ని రోజులు తల తిరిగిందో అన్ని గింజలు ఇటు పెట్టు అమ్మా" అని అడిగాం. ఒకామె మూడు పెట్టి, కాసేపు ఆలోచించి, ఒకటి వెనక్కి తీసుకుని "ఆ దినం పనికే పోలే" అంది. అంత కచ్చితమైన జవాబు ఐదు గళ్ల స్కేలులో ఏనాడూ రాదు. ఇలా స్కేలు మార్చితే మూలపత్రం మార్కులతో నేరుగా పోల్చలేరు, రిపోర్టులో ఆ సంగతి ఒప్పుకోవాలి.

నీళ్ల ప్రశ్నలో గ్లాసులు అడగకండి, లీటరు బాటిల్ చూపించి ఎన్ని తాగారో అడగండి. దాని వెంటనే "నీళ్లు ఎందుకు తక్కువ తాగుతరు?" కూడా ఉండాలి. ఆడవాళ్లు నీళ్లు దొరక్క కాదు, ఒంటికి పోవడానికి చాటు లేక తాగడం మానేస్తారు, ఈ ప్రశ్నలు ఆడవాళ్లే అడగాలి. మందు తాగుతారా అంటే లేదంటారు, కల్లు అడిగితే "అది చలువ కదా" అంటారు, కాబట్టి కల్లును విడిగా అడగండి. ఉపవాసం అనకుండా "ఒక్కపొద్దు ఉంటరా?" అనండి, ముస్లిం కూలీలను రోజా గురించి అడగండి. మలయ్ పత్రంలో అయితే రంజాన్ ప్రశ్న ముఖ్యమైనది, ఎందుకంటే అక్కడి మలయ్‌లు దాదాపు అందరూ ముస్లింలే.

కాలం సంగతీ అంతే. మలేషియాలో ఏడాదంతా ఎండా ఉక్కా ఒకే తీరు, అక్కడ 'వేసవిలో' అని అడిగితే అర్థం ఉండదు. మనకు మాత్రం అది లేకుంటే కుదరదు. "గత ముప్పై రోజుల్లో" అంటే ఎవరికీ లెక్క తెలియదు, ఉగాది నుంచి, రోహిణి కార్తె పడ్డాక అనండి, ఠక్కున చెప్తారు.

"మీకు కావాల్సినప్పుడు విశ్రాంతి తీసుకోగలరా?" అన్నది చూడటానికి అమాయకమైన ప్రశ్న. హమాలీకి కూలి బస్తా లెక్కన, పని ముఠా లెక్కన. తను కూర్చుంటే తన బరువు పక్కవాడి మీద పడుతుంది, కాబట్టి ఎవరైనా ఆపుతారా అంటే ఎవరూ ఆపరు, కూర్చుంటారా అంటే కూర్చోరు. దుబాయ్ నుంచి తిరిగొచ్చిన ఒకతను ఈ ప్రశ్నకు నవ్వాడు. అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని రూలు, "ఈడ ఎవడు చెప్పిండు మనకు" అన్నాడు. ఈ ప్రశ్నను మేము రెండుగా విడగొట్టాం: కూర్చోనిస్తారా, కూర్చుంటే కూలి తగ్గుతుందా.

తర్వాత నిపుణుల వంతు. ఆరుగురికి తగ్గకుండా చూసుకోండి, ప్రతి ప్రశ్న ఈ సర్వేకు ఎంత తగినదో 1 నుంచి 4 దాకా మార్కులు వేయించండి. 3 లేదా 4 వేసినవాళ్ల నిష్పత్తి 0.78 దాటాలి, ఐదుగురే ఉంటే మాత్రం అందరూ ఒప్పుకోవాలి. నన్నడిగితే ఆ ఆరుగురిలో ఒక ముఠా మేస్త్రిని, ఒక ఆశా కార్యకర్తను కూర్చోబెట్టాలి.

కూలీలతో పరీక్షించేటప్పుడు జవాబు రాసుకుని వెళ్లిపోకండి. "నేను అడిగింది నీకేం సమజైంది? నీ మాటల్ల చెప్పు" అనండి. ఫోన్‌లో రికార్డు చేయాలంటే ముందే అడగాలి. చదువురానివాళ్లకు సమ్మతి పత్రం చదివి వినిపించి, సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా అసలు మొదలుపెట్టొద్దు. మాట్లాడుతుండగా మనిషి తికమకగా జవాబిస్తే సర్వే ఆపేసి నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోసి, 108కి ఫోన్ చేయండి.

అడిగిన రోజు ఎండెంతో కూడా రాసుకోండి. ఫోన్‌లో చూపే డిగ్రీలు చాలవు, దొరికితే తేమ, గాలి, ఎండ అన్నీ కలిపి లెక్కించే డబ్ల్యూబీజీటీ మీటర్ అరువు తెచ్చుకోండి. ఎండకు అలవాటుపడ్డవాళ్లు మధ్యస్థమైన పని చేయడానికి ఐఎస్ఓ 7243 అనే అంతర్జాతీయ ప్రమాణం పెట్టిన హద్దు ఆ మీటర్ మీద 28 డిగ్రీలు, బస్తాలు మోయడం అంతకన్నా బరువైన పని కాబట్టి హద్దు ఇంకా కిందికే వస్తుంది.

చివర్లో ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో లేదో చెప్పే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, 0.70 దాటిందా చూస్తారు, అది సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. రెండు వారాల తర్వాత అదే మనుషుల్ని మళ్లీ అడిగి, జవాబులు అవే వస్తాయా అని చూసే పరీక్ష దగ్గరే మేము దెబ్బతిన్నాం. మొదటిసారి మే ఆఖరున అడిగి, రెండోసారి వెళ్లేసరికి మృగశిర వచ్చింది, రెండు వానలు పడ్డాయి, తల తిరగడాలన్నీ మాయమయ్యాయి. మా ప్రశ్నలు మారలేదు, వాతావరణం మారింది, కానీ అంకెలు చూస్తే ప్రశ్నాపత్రమే పనికిరానిదిలా కనపడింది. ఈసారి ఏప్రిల్ మధ్యలోనే మొదలుపెట్టి, వారం రోజుల తేడాతో, రెండుసార్లూ ఎండ దాదాపు ఒకేలా ఉన్న రోజులు చూసుకుని వెళ్తున్నాం, చింతగింజలు మాత్రం అవే.