ఫార్ములా స్టూడెంట్ కారు – పాఠం 6: సీజీ ఎత్తు కొలవడం

పోయిన పాఠంలో వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 1550, ట్రాక్ (కుడి, ఎడమ చక్రాల మధ్య దూరం) 1200 మిల్లీమీటర్లుగా ఖాయం చేసుకున్నాం. (ఫార్ములా స్టూడెంట్ అనే విద్యార్థుల రేసు కారు పోటీ నిబంధనల ప్రకారం వీల్‌బేస్ 1525కు తగ్గకూడదు.) ఈసారి సీజీ, అంటే గురుత్వ కేంద్రం, నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో, కారు వెనక భాగం లేపి ముందు చక్రాల మీద బరువు ఎంత పెరిగిందో చూసి కొలుద్దాం. క్యాడ్ (కంప్యూటర్‌లో గీసిన కారు నమూనా) చూపించే ఎత్తుతో సరిపెట్టుకోకండి. వైరింగు, వెల్డింగు, కూర్చున్న డ్రైవరు, ఇవేవీ అందులో పూర్తిగా ఉండవు.

నాలుగు కాటాలు కావాలి. అనంతపురంలో చెనక్కాయల వ్యాపారుల దగ్గర ఉండే 100 కిలోల ప్లాట్‌ఫాం కాటాలు చాలు. ముందుగా ఒకే మనిషిని నాలుగింటి మీదా నిలబెట్టి అంకెలు కలుస్తున్నాయో లేదో చూడండి. షెడ్డు నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది కాబట్టి మేస్త్రీల నీళ్ల పైపుతో మట్టం చూసి, పల్లంగా ఉన్న వైపు కాటా కింద కడప బండ, దాని మీద రేకు ముక్కలు పెట్టండి. నాలుగు కాటాల మధ్య ఎత్తు తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు.

డ్యాంపర్లు (చక్రాల దగ్గర స్ప్రింగుతో కలిసి ఉండే షాక్ అబ్జార్బర్లు) తీసేసి అంతే పొడవున్న ఇనుప కడ్డీలు బిగించండి. ఇది మానేస్తే వెనక భాగం లేపినప్పుడు ముందు స్ప్రింగులు అణిగి లెక్క తప్పుతుంది. టైర్లలో గాలి సమానంగా ఉండాలి. పెట్రోలు ట్యాంకు నిండా ఉంటే లోపల తొణకదు. డ్రైవరు హెల్మెట్ పెట్టుకుని, చేతులు స్టీరింగు మీద ఉంచి కదలకుండా కూర్చోవాలి. డ్రైవరుకు బదులు ఇసుక మూటలు పెడితే కారు లేపగానే అవి జారతాయి. బ్రేకు వదిలి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, షట్టరు దించండి. ఆషాఢం గాలికి కాటా అంకె నిలవదు.

సమతలంలో ముందు 138, వెనక 162, మొత్తం 300 కిలోలు వచ్చిందనుకుందాం. ఇప్పుడు వెనక చక్రాలను 400 మిల్లీమీటర్లు ఎత్తి బండల మీద నిలపండి. ఆ ఎత్తు హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గర కొలవాలి. అడ్డుచెక్కలు వెనక చక్రాలకే పెట్టండి. ముందు చక్రాలకు పెడితే కాటా మీద అడ్డంగా తోపు పడుతుంది. ముందు బరువు 141.6కు చేరితే పెరిగింది 3.6 కిలోలు. వాలు కోణం టాన్ విలువ 0.267. చక్రం వ్యాసార్ధం, బరువు పడ్డాక, 230.

ఎత్తు = 230 + (3.6 × 1550) ÷ (300 × 0.267) = సుమారు 300 మిల్లీమీటర్లు.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కాటా ఒక్క కిలో తప్పు చూపితే జవాబు 19 మిల్లీమీటర్లు మారుతుంది. ముక్కు నేలకు తగలకపోతే 600 వరకు లేపండి, ఆ తప్పు 12కు తగ్గుతుంది. కొలత మూడుసార్లు తీసి సగటు వేయండి.

ఆ 19 మిల్లీమీటర్లు చిన్న సంగతి కాదు. పోటీలో కారును 60 డిగ్రీలు పక్కకు వంచి చూస్తారు, పై చక్రాలు లేవకూడదు. మన ట్రాక్‌కు సీజీ 346 దాటితే కారు తిరగబడుతుంది. కాటాలో రెండు కిలోల తప్పు దొర్లితే మనకున్న 46 మిల్లీమీటర్ల వెసులుబాటులో 39 కరిగిపోతుంది.

మలుపులోనూ అంతే. 1.2 జీ (గురుత్వాకర్షణకు 1.2 రెట్లు) పక్క తోపు దగ్గర లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు 300 × 1.2 × 300 ÷ 1200 (బరువు × జీ × సీజీ ఎత్తు ÷ ట్రాక్) = 90 కిలోలు మారుతుంది. సీజీ 20 మిల్లీమీటర్లు దించితే 84 కిలోలే. టైరు మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు కాబట్టి ఆ ఆరు కిలోల కోసం ఎంత కష్టమైనా పడవచ్చు. బ్యాటరీని నేలపట్టీ దగ్గరకు దించడం, సీటు వెనక్కి వాల్చడం ముందు చేయండి. ఇంజను మౌంట్ల జోలికి చివర్లో వెళ్లండి.

అభ్యాసం: 20 కిలోలు బరువెక్కువున్న డ్రైవరుతో ఇదే కొలత మళ్లీ తీయండి. ఆ అంకెలతోనే వచ్చే పాఠంలో రోల్ సెంటర్ (మలుపులో కారు పక్కకు ఒరిగే కేంద్రం) గీస్తాం.