నల్ల కుక్కను రంగు గుడ్డ ముందు ఫోటో తీయడం ఎలా?

నల్ల లాబ్రడార్ ఫోటో అని చాలామంది చూపించేదాంట్లో రెండు కళ్లు, ఒక నాలుక తప్ప ఏమీ కనిపించవు. మిగతాదంతా బొగ్గుముద్ద. వెలుతురు ఎటు నుంచి రావాలో చూసుకోకపోవడం వల్లే ఇలా అవుతుంది.

కెమెరా లేదా ఫోన్, పెద్ద కిటికీ, తెల్ల థర్మాకోల్ షీట్, మూడు మీటర్ల కాటన్ గుడ్డ ఉంటే చాలు. గుడ్డ హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో దొరుకుతుంది. శాటిన్ మెరుస్తుంది, వద్దు. రంగు మస్టర్డ్ పసుపే తీసుకోండి. మెరూన్, నేవీ బ్లూ అయితే చెవుల అంచులు వాటిలో కలిసిపోతాయి. గుడ్డను ఇస్త్రీ చేసి కర్టెన్ రాడ్‌కి వేలాడదీయండి. కుక్కకు బాగా బ్రష్ చేయండి, నల్ల బొచ్చు మీద చుండ్రు పొట్టు కూడా దాగదు. గుడ్డకు ఐదడుగుల ముందు కూర్చోబెట్టండి. మరీ దగ్గరైతే పసుపు ఛాయ బొచ్చు మీద పడుతుంది.

ఇక అందరూ పాడుచేసే చోటు. నల్ల బొచ్చు తన మీద పడ్డ వెలుతురులో చాలా భాగం మింగేస్తుంది. ఫోటోలో దాని ఆకారం తెలిసేది నిగనిగ వల్లే. ఎదురుగా లైటు పెడితే ఆ నిగనిగ రాదు. కిటికీ కుక్కకు పక్కన, కాస్త వెనక్కి ఉండాలి. అప్పుడు వెలుతురు బొచ్చు మీద జారి మీ వైపు వస్తుంది. మెడ మడతలు, భుజం మీది వెంట్రుకలు విడివిడిగా తెలుస్తాయి. రెండో పక్కకు కిటికీ వెలుతురును తిప్పికొట్టేలా థర్మాకోల్ షీట్‌ను ఫ్రేములో పడకుండా ఎంత దగ్గరికి తేగలిగితే అంత దగ్గర నిలబెట్టండి. ముఖం కిటికీ వైపు కొద్దిగా తిరగాలి. కంట్లో కిటికీ మెరుపు కనిపించేదాకా బటన్ నొక్కకండి.

హైదరాబాద్ ఎండాకాలంలో నేరుగా ఎండ పడితే బొచ్చు మీద తెల్ల మచ్చలొస్తాయి. కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు. కుక్క కంటి లోపల, వెనక భాగంలో ఉండే పొర ఆ వెలుతురును తిప్పికొట్టి, కళ్లు పచ్చగా వెలిగినట్టు చూపిస్తుంది.

నల్ల కుక్కకు ఎక్స్‌పోజర్, అంటే ఫోటోలో పడే వెలుతురు, ఎప్పుడూ పెంచాలని చెప్పేవాళ్ల మాట వినకండి. వెలుతురును కొలిచే కెమెరా మీటరు దేన్నైనా నడిమి బూడిద రంగుకే తేవాలని చూస్తుంది. ఫ్రేమంతా కుక్కే నిండితే నలుపు బూడిదగా మారుతుంది, కాబట్టి కెమెరాలో ఎక్స్‌పోజర్‌ను తగ్గించే, పెంచే +/- సెట్టింగ్‌ను మైనస్ 2/3 నుంచి మైనస్ 1 మధ్య పెట్టండి. పసుపు గుడ్డే ఎక్కువ కనిపిస్తే కుక్క చీకటైపోతుంది, అప్పుడు ప్లస్ 2/3. ఫోన్‌లో అయితే కంటి మీద వేలు నొక్కి పట్టి, ఫోకస్ లాక్ అయ్యాక సూర్యుడి గుర్తును వెలుతురు పెరిగే వైపు మెల్లగా జరపండి. చెంప మీది వెంట్రుకలు కనిపించగానే ఆపండి. ఇంకా జరిపితే పసుపు వెలిసిపోతుంది. ఫోకస్ కంటి మీదే ఉండాలి, ఒంటి మీద పెడితే ఆ నలుపులో కెమెరా తడుముకుంటుంది.

ఇంట్లో ఎలాగోలా తీసి, తర్వాత యాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ మార్చుకోవచ్చు కదా అంటారు. మీసాలు తెగిపోతాయి, కాళ్ల కింద నీడ ఉండదు. నిజం గుడ్డ ముందు తీసిన ఫోటోకి అది ఎక్కడా సరిరాదు. ఫోన్‌లో వెనక భాగాన్ని మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్‌తోనూ మీసాలకు ఇదే తంటా, దాన్ని ఆపేయండి.

ఎడిటింగ్‌లో చీకటి భాగాలను వెలిగించే షాడోస్‌ను కొంచెం పెంచితే సరిపోతుంది. నలుపులో రంగు చుక్కలు కనిపించడం మొదలైతే ఒక మెట్టు వెనక్కి రండి.