ఫ్లోరైడ్ నీటికి ఇంటి ఫిల్టరు: యాక్టివేటెడ్ అల్యూమినాను ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడాలి?

మహారాష్ట్ర సరిహద్దులోని చంద్రపూర్, యవత్మాళ్, నాందేడ్ జిల్లాలలో చాలాచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ హద్దు దాటి ఉంది. రాజురా, జివతి, కోర్పనా, పాండర్కవడా, కిన్వట్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పసుపుపచ్చ, గోధుమరంగు చారలు పడిన పళ్లతో పెరిగినవారిని చూడనివారు అరుదు. మనదేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును వైద్యులు మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. అంటే ఇది తెలుగువారికి కొత్త బాధ కాదు. ఇంట్లో నడుపుకోగల పరిష్కారాలలో యాక్టివేటెడ్ అల్యూమినా (సూక్ష్మ రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడు) ఫిల్టరు ఒకటి. దానిని ఎలా అమర్చుకోవాలో, ముఖ్యంగా ఎలా కనిపెట్టుకుని ఉండాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట చేయవలసినది: నీటిని పరీక్షించడం

ఫిల్టరు కొనడానికి ముందే మీ బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉందో అంకెలో తెలియాలి. రంగు, రుచి, వాసన ఏవీ దానిని చెప్పవు. పైగా కాల్షియం తక్కువగా ఉన్న మెత్తని నీటిలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తుంది కనుక, పప్పు చక్కగా ఉడికే, సబ్బు బాగా నురగ పట్టే నీరే ఎక్కువ అనుమానించదగినది కావచ్చు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు మంచిది; వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక విలువ కూడా 1.5.

సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, బోరును ఐదు నిమిషాలు కొట్టిన తరువాత నింపి, జిల్లా నీటి పరీక్ష ప్రయోగశాలకు పంపండి. గ్రామ పంచాయతీలో క్షేత్ర పరీక్ష పెట్టె ఉంటే అందులోని రంగు ద్రావణంతో ఉజ్జాయింపు అంకె తెలుస్తుంది. ఫ్లోరైడ్‌తో పాటు నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), క్షారత (ముఖ్యంగా బైకార్బనేట్ల పరిమాణం) కూడా అడిగి రాయించుకోండి. వాటి అవసరం తరువాత కనిపిస్తుంది. ఊరిలో హాపశీలు (చేతి పంపులు), పాత బావులు నాలుగైదు ఉంటే అన్నిటినీ పరీక్షించండి. ఒక్క ఫర్లాంగు దూరంలో ఉన్న లోతు తక్కువ బావి నీరు హద్దులో ఉందని తేలితే, ఈ వ్యాసంలో మిగిలిన పని అంతా అక్కరలేదు. ఆ బావిని బాగు చేసుకోవడమే తేలిక.

నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందన్న నమ్మకం ఇప్పటికీ వినిపిస్తుంది. మరిగినప్పుడు ఆవిరయ్యేది నీరు, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది, కనుక దాని గాఢత పెరుగుతుందే కాని తగ్గదు.

సరైన అల్యూమినాను ఎంచుకోవడం

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, కాబట్టి కొంత వివరంగా చెబుతాను. బాక్సైటును వేడి కాస్టిక్ సోడాలో కరిగించి తీసిన అల్యూమినియం హైడ్రాక్సైడే ఈ కుటుంబానికంతటికీ మూలం. ఒడిశా సరిహద్దులో కోరాపుట్ జిల్లా దామన్‌జోడిలోను, రాయగడ జిల్లా దొరగుడలోను ఉన్న పెద్ద కర్మాగారాలలో జరిగేది ఇదే పని. ఆ హైడ్రాక్సైడును సుమారు 400 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడి చేస్తే అందులోని నీరు బయటకు పోయి, ఆ నీరు ఉన్న చోటంతా సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. అదే యాక్టివేటెడ్ అల్యూమినా. దానిలో ఒక్క గ్రాముకు లోపలి ఉపరితలం 200 నుంచి 350 చదరపు మీటర్లు ఉంటుంది. ఆ ఉపరితలమే ఫ్లోరైడ్‌ను పట్టుకుంటుంది.

ఉత్ప్రేరకాల (రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థాల) పరిశ్రమ కూడా ఈ ఉపరితలం కోసమే దానిని కొంటుంది. చమురు శుద్ధి కర్మాగారాలలో హైడ్రోజన్ సల్ఫైడును గంధకంగా మార్చే క్లాస్ ప్రక్రియలో అల్యూమినాయే ఉత్ప్రేరకం. డీజిలులోని గంధకాన్ని తీసివేసే కోబాల్ట్, మాలిబ్డినం మిశ్రమానికీ, కార్ల పొగగొట్టంలోని ప్లాటినానికీ అది ఆధారంగా ఉంటుంది.

అదే పదార్థాన్ని 1200 డిగ్రీలకు పైగా కాలిస్తే రంధ్రాలు మూసుకుపోయి కురువిందంగా మారుతుంది. కాఠిన్యంలో వజ్రం 10 అయితే ఇది 9. ఇంగ్లీషులోని కోరండం అనే పేరు దక్షిణ భారతపు మాట నుంచే వెళ్లింది. సానచక్రాలకు, ఎమరీ కాగితానికి ఇంతకన్న తగినది లేదు, కాని నీటిలోని ఫ్లోరైడ్‌ను పట్టే గుణం అందులో దాదాపు మిగలదు. కాబట్టి హార్డ్‌వేరు దుకాణంలో అల్యూమినా పొడి అని సానపట్టడానికి అమ్మేదీ, లోహం తీయడానికి వెళ్లే అల్యూమినా కూడా ఫిల్టరుకు పనికిరావు.

కొనేటప్పుడు మరో రెండు రకాలను దూరంగా ఉంచాలి. గాలి కంప్రెసర్లలో తేమను పీల్చడానికి వాడే 3 నుంచి 5 మిల్లీమీటర్ల తెల్లని గోళీలు యాక్టివేటెడ్ అల్యూమినాయే అయినా, ఇంటి ఫిల్టరులో నీరు వాటి లోపలి దాకా చేరేలోగా బయటకు వెళ్లిపోతుంది. ఊదారంగు గోళీలలో పొటాషియం పర్మాంగనేట్ నింపి ఉంటుంది. అవి గాలి శుద్ధికి మాత్రమే, తాగే నీటిలో వేయకూడదు. తాగునీటి శుద్ధికి తగిన రకమని తయారీదారు రాతపూర్వకంగా ఇచ్చిన, సుమారు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు ఉన్న రవ్వనే అడగండి. ఐదారుగురు ఉన్న ఇంటికి 3 కిలోలు సరిపోతాయి.

ఫిల్టరును అమర్చడం

వెడల్పైన పాత స్టీలు క్యాండిల్ ఫిల్టరులో అల్యూమినా పోస్తే పొర పలచబడుతుంది. నీరు దగ్గరి దారి చూసుకుని జారిపోతుంది. సన్నగా, పొడవుగా ఉండే పాత్ర కావాలి. తాగునీటికి తగిన 160 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాన్ని రెండడుగుల పొడవున కోయించి, కింద మూత బిగించి, మూతకు చిన్న కుళాయి గొట్టం పెట్టించండి. 3 కిలోల రవ్వ ఇందులో సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నిలుస్తుంది.

అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు జల్లెడ, దాని మీద నైలాన్ గుడ్డ పరవండి. అల్యూమినాను నేరుగా పోయకూడదు. పొడి రవ్వ మీద కొద్ది నీరు పడితే అది గట్టిగా వేడెక్కుతుంది, కనుక పెద్ద ప్లాస్టిక్ బకెట్టు నిండా నీరు తీసుకుని, రవ్వను కొద్దికొద్దిగా అందులో వేస్తూ కలపాలి. పైకి తేలే తెల్లని మడ్డిని నాలుగైదుసార్లు పారబోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు గొట్టంలోకి ఎత్తండి. పైన మరొక చిల్లుల పళ్లెం పెడితే, పోసిన నీరు పొరను గుంటపెట్టదు.

బయటకు వచ్చే గొట్టాన్ని హంస మెడలా పైకి వంచి, రవ్వ పైమట్టం కన్న రెండు అంగుళాలు ఎత్తున వదలండి. అప్పుడు నీరు పోయడం ఆపినా పొర ఎండదు, గాలి బుడగలు చేరవు.

ఇక వేగం. గంటకు 10 లీటర్లకు మించకూడదు. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండడానికి ఒక నిమిషం 10 సెకన్లకు తక్కువ పడుతుంటే కుళాయిని బిగించండి. తొందరపడితే ఫ్లోరైడ్ పట్టుబడదు. మొదటి 30 లీటర్లు చెట్లకు పోసి, ఆ తరువాతి నీటిని పరీక్షకు పంపాలి; ఫ్లోరైడ్‌తో పాటు అల్యూమినియం కూడా చూడమనండి. అది లీటరుకు 0.03 మిల్లీగ్రాములలోపు ఉండడం మంచిది, 0.2 దాటకూడదు.

బురద నీరైతే ముందుగా గుడ్డతో వడకట్టి పోయాలి. అల్యూమినా క్రిములను చంపదు. కాబట్టి మరిగించడమో, క్లోరిన్ వేయడమో నీరు ఈ ఫిల్టరు నుంచి బయటకు వచ్చిన తరువాత చేయాలి. తాగే నీటికే కాక అన్నానికి, పప్పుకు, టీకి కూడా ఈ నీటినే వాడండి, ఎందుకంటే ఎసరు ఇగిరినా ఫ్లోరైడ్ అన్నంలోనే మిగులుతుంది.

లీటర్లను లెక్కపెట్టడం

ఈ వ్యాసం రాయడానికి కారణమే ఈ భాగం. మా దగ్గరి బంధువుల ఇంట్లో ఫిల్టరు మూడేళ్లు నడిచింది. నీరు తేటగానే వచ్చేది, ధార తగ్గలేదు, రుచి మారలేదు. చిన్నపిల్లవాడికి కొత్తగా వచ్చిన పళ్ల మీద తెల్లని మచ్చలు కనిపించాక పరీక్ష చేయిస్తే, లోపలికి పోసిన నీటికీ బయటకు వచ్చిన నీటికీ తేడాయే లేదు. అల్యూమినా ఎప్పుడో నిండిపోయింది. క్యాండిల్ ఫిల్టరు మూసుకుపోతే ధార తగ్గి మనకు తెలుస్తుంది. అల్యూమినా నిండినా బయటకు ఏ గుర్తూ కనిపించదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లల చిగుళ్ల లోపల శాశ్వత పళ్లు తయారవుతుంటాయి, ఆ వయసులో జరిగిన నష్టం తిరిగి పూడదు.

లెక్క కష్టమైనది కాదు. ప్రయోగశాలలో కిలో అల్యూమినా 4 నుంచి 15 గ్రాముల ఫ్లోరైడ్ పట్టినట్టు కనిపించినా, ఊళ్లలో వాడకంలో కిలోకు సుమారు ఒక గ్రాము అనుకోవడమే మంచిది. 3 కిలోలంటే 3 గ్రాములు, అంటే 3000 మిల్లీగ్రాములు. మీ నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే 1000 లీటర్లు వస్తాయి. రోజుకు 20 లీటర్లు వాడే ఇంటికి 50 రోజులు. అదే 5 మిల్లీగ్రాములైతే 600 లీటర్లు, నెల రోజులే. అల్యూమినా బాగా పనిచేసేది పీహెచ్ 5.5, 6 మధ్య. మన బోరు నీరు తరచుగా 7.5 పైనే ఉంటుంది, బైకార్బనేట్లు కూడా చోటు కోసం పోటీపడతాయి, కాబట్టి లెక్క కన్న ముందే నిండిపోవచ్చు. అందుకని లెక్కలో సగం లీటర్లు అయినప్పుడు ఒకసారి, ఆపై ప్రతి 100 లీటర్లకు ఒకసారి పరీక్షించి, అంకె 1 దాటిన రోజు వాడకం ఆపాలి. ఫిల్టరు పక్కన ఒక నోటుబుక్కు, దారంతో కట్టిన పెన్సిలు వేలాడదీసి, పోసిన ప్రతి బిందెకూ ఒక గీత గీయించండి. పిల్లలకు అప్పగిస్తే వాళ్లు మరచిపోరు.

తిరిగి శక్తి పోయడం

నిండిన అల్యూమినాను కడిగి మళ్లీ వాడుకోవచ్చు, కాని ఈ పనిలో కాస్టిక్ సోడా, గంధకామ్లం (సల్ఫ్యూరిక్ యాసిడ్) వాడాలి. ప్రతి ఇంట్లోనూ ఎవరికి వారు చేయవలసిన పని ఇది కాదని నా గట్టి అభిప్రాయం. పది ఇళ్ల రవ్వను ఒకచోట చేర్చి, రసాయనాలతో అలవాటున్న ఒకరు, రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు వేసుకుని, పిల్లలకు దూరంగా ఆరుబయట చేయాలి.

ఒక్కో ఇంటి 3 కిలోల రవ్వను విడిగా నైలాన్ సంచిలో కట్టి, 10 లీటర్ల నీటిలో 100 గ్రాముల కాస్టిక్ సోడా కరిగించిన ప్లాస్టిక్ బకెట్టులో 8 గంటలు ఉంచి, మధ్యమధ్య ఎత్తి దించాలి. అల్యూమినియం పాత్ర వాడితే కాస్టిక్ దానిని తిని హైడ్రోజన్ వాయువును వదులుతుంది, కనుక ప్లాస్టిక్ తప్పనిసరి. ఈ క్షారం ఫ్లోరైడ్‌ను రవ్వ నుంచి నెట్టివేస్తుంది. సంచిని నాలుగైదు నీళ్లలో కడిగి, 10 లీటర్ల నీటిలో సుమారు 110 మిల్లీలీటర్ల గాఢ గంధకామ్లం కలిపిన ద్రావణంలో మరో 8 గంటలు ఉంచితే, ఉపరితలానికి పట్టుకునే గుణం తిరిగి వస్తుంది. ఆమ్లాన్నే నెమ్మదిగా నీటిలో పోయాలి. ఆమ్లంలో నీరు పోస్తే అది మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. చివరగా, కడిగిన నీటి పీహెచ్ 7 దగ్గరకు వచ్చేదాకా కడిగి, మళ్లీ గొట్టంలో నింపి, మొదటిసారి చేసినట్టే 30 లీటర్లు వదిలి పరీక్షించాలి. ప్రతిసారీ 5 నుంచి 10 శాతం రవ్వ పోతుంది, మిగిలినదాని పట్టు కూడా తగ్గుతుంది. మూడు నాలుగుసార్ల తరువాత కొత్తది కొనడమే మేలు.

వాడిన క్షారం, ఆమ్లం వేరువేరు బకెట్లలో ఉంచి, చివర ఒకదానిలో ఒకటి కొద్దికొద్దిగా కలిపి, లిట్మస్ కాగితం నీలిరంగు వైపు మళ్లేదాకా సున్నపు తేట వేయండి. ఫ్లోరైడ్‌లో ఎక్కువ భాగం తెల్లని మడ్డితో పాటు అడుగుకు దిగుతుంది. ఆ మడ్డినీ, పనికిరాని పాత రవ్వనూ బావికి, బోరుకు, పశువుల తొట్టికి దూరంగా, అడుగున పాలిథిన్ షీటు పరచిన గుంటలో పూడ్చి, ఆ తేదీని అదే నోటుబుక్కులో రాసుకోండి.