మిర్చి డబ్బు మదుపు చేసే ముందు

గుంటూరు యార్డులో సరుకు అమ్మి డబ్బు చేతికొచ్చిందా? ఎక్కడా పెట్టకముందే ఇవి చూసుకోండి.

ఆరు నెలల ఇంటి ఖర్చు, వచ్చే సీజన్ పెట్టుబడి విడిగా తీసేయండి. ఆ డబ్బు షేర్లలోకి పోకూడదు.

ఇప్పటికే ఉన్నదంతా కాగితం మీద రాయండి: పొలం, అమరావతి వైపు స్థలం, కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు), బీరువాలో బంగారం. మా ఇంట్లో రాసి చూస్తే పది రూపాయల్లో ఎనిమిది భూమిలోనే ఉన్నాయి. మూడు ఊళ్లలో స్థలాలుంటే మూడు రకాల ఆస్తులున్నట్టు కాదు. రియల్ ఎస్టేట్ ఆగితే మూడూ ఒకేసారి ఆగుతాయి. ఆసుపత్రి ఖర్చుకి అరెకరం అమ్ముదామన్నా నెలలు పట్టొచ్చు. అందుకే కొత్త డబ్బుతో మళ్లీ స్థలం కొనకండి.

షేర్లలో ఏడేళ్లు ముట్టుకోని డబ్బే పెట్టండి. 2020 జనవరి మధ్య నుంచి మార్చి 23 దాకా నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) దాదాపు 38 శాతం పడింది. మీ లక్ష కాస్తా అరవై రెండు వేలకి పడిపోతే నిద్ర పడుతుందా? పట్టదనుకుంటే షేర్లలో పెట్టే వాటా ఇప్పుడే తగ్గించుకోండి.

బ్యాంకు డిపాజిట్‌కి బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే, వడ్డీతో కలిపి.

నెలకి నూటికి మూడు రూపాయలు వడ్డీ గ్యారంటీ అన్నవాళ్లకి దండం పెట్టి వచ్చేయండి.

ఏటా ఉగాదికి ఏ ఆస్తిలో ఎంత వాటా ఉందో సరిచూసి, ఎక్కువ పెరిగినదాంట్లో కొంత తీసి తగ్గినదాంట్లో వేయండి. అమ్మేముందు పన్ను ఎంత పడుతుందో లెక్క చూసుకోండి.