ఇసుకలో జారిన ఉంగరం, రోడ్డు మీద పడిన రూపాయి: వెతకడం ఎలా?

మా అపార్ట్‌మెంట్‌లో ఎవరికి ఏది పోయినా ముందు నాకే ఫోన్ వస్తుంది. పదేళ్లుగా పొద్దున్నే మా విశాఖ ఆర్కే బీచ్‌లో నడుస్తాను, నడిచినంతసేపూ నేల చూపులే. మావారు నవ్వుతారు గానీ, వంటింట్లో సీసా నిండా ఉన్న చిల్లర ఆ నేల చూపులు తెచ్చిందే. ఫోన్ చేసినవాళ్లకి నేను చెప్పే మాట ఒక్కటే: నేనొచ్చేదాకా ఎవరూ తవ్వకండి. ఒక్కరూ వినరు. నేను వెళ్లేసరికి ఒక గొయ్యి, దాని చుట్టూ ఎనిమిది మంది, ఎనిమిది సలహాలు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మందపాటి చెప్పులు, పాత పటకారు, టార్చి, చెత్త ఎత్తే ప్లాస్టిక్ చేట, ఒక పాత దుప్పటి, నాలుగు పుల్లలు, కాస్త పురికొస. జల్లెళ్లు రెండు కావాలి. ఉంగరాలకీ బిళ్లలకీ చిటికెనవేలు దూరనంత కన్నాలున్నది, దిద్దుల శీలలకి రవ్వ జల్లెడ. అంతే.

అయస్కాంతానికి తాడు కట్టి ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. స్టీలు రూపాయి, స్టీలు రెండు రూపాయలు అతుక్కుంటాయి, నిజమే. ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ల అతుక్కోదు. పదీ ఇరవై అతుక్కోవు. బంగారం, వెండి సంగతి సరేసరి. పొద్దంతా ఈడిస్తే వచ్చేది మేకులు, సోడా మూతలు, మూడు రూపాయలు. పైగా మన బీచ్ ఇసుకలో నల్ల చారలుంటాయి చూడండి, ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలవి. ఆ నల్ల ఇసుక అయస్కాంతానికి మీసాల్లా పట్టుకుంటే గీకి వదిలించుకోవడానికి ఇంకో అరగంట.

మెటల్ డిటెక్టర్ కొనమంటారా అని అడుగుతారు. వద్దంటాను. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది కాబట్టి తక్కువ ధర మిషన్లు తడి ఇసుక మీదకి రాగానే ఊరికే కూస్తాయి. పొడి ఇసుకలో పనిచేస్తాయి గానీ, సన్నటి ఉంగరానికీ సిగరెట్ పెట్టెలోని రేకుకీ ఇంచుమించు ఒకేలా మోగుతాయి. దాంతోనే బోలెడు దొరికాయనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకో దణ్ణం.

ఎక్కడ చూడాలి? డబ్బు చెయ్యి మారే చోట, జేబులోంచి చెయ్యి బయటికొచ్చే చోట. ముంత మసాలా బండి ముందు, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం టికెట్ కౌంటర్ దగ్గర, బైకులు ఆపి తాళాలు తీసే చోట, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కుర్చీల వెనకాల, ఆటో సీటు సందులో. ఫోన్‌పే వచ్చాక చిల్లర బాగా తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం అయ్యాక బస్టాపుల్లో ఇంకా తగ్గింది. ఇయర్‌బడ్స్ మాత్రం పెరిగాయి, అదీ ఒంటివే.

రోడ్డు మీదైతే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. రూపాయి నిలబడి దొర్లుతుంది, ఉంగరం నాలుగు గెంతులు గెంతి ఏ గోడ మొదట్లోనో ఆగుతుంది. మన ఊళ్లో సగం రోడ్లు డౌన్‌లే. సిరిపురం వైపు నుంచి బీచ్ రోడ్డుకి దిగేటప్పుడు చిల్లర జారితే, జారిన చోటే వంగి వెతకడం దండగ. డౌన్ దిగిపోయి పేవ్‌మెంట్ అంచు చూడండి. వాన వెలిసిన మర్నాడైతే కాలవ నోటి దగ్గర చూడండి. కాలవలో చెయ్యి పెట్టొద్దు, గాజు పెంకులుంటాయి. పటకారు తెమ్మన్నది అందుకే.

సింహాచలం గిరి ప్రదక్షిణ మర్నాడు ఆ 32 కిలోమీటర్ల దారిలో ఎక్కడ నడిచినా పట్టీలు, మెట్టెలు కనిపిస్తాయి. లక్షల మంది, ఎక్కువమంది వట్టి కాళ్లతోనే నడిచిన దారి అది. కానీ తొలిపావంచా, అంటే కొండ మెట్ల మొదలు, దగ్గర కొబ్బరిచిప్పల మధ్య పడిన బిళ్ల జోలికి వెళ్లకండి. అది అప్పన్న స్వామి సొమ్ము. ఇది నా పట్టింపు అనుకునేరు, కాదు, అందరికీ వర్తించేదే.

చూడటానికి వేళ పొద్దున్న. నడినెత్తిన ఎండలో అంతా తెల్లగా ఒకేలా కనిపిస్తుంది. మన సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు కాబట్టి ఒడ్డు వెంట నడిస్తే వెలుగు పక్క నుంచి పడుతుంది, బిళ్ల అంచుకి చిన్న నీడ వస్తుంది. మెరుపు కోసం కాదు, ఆ నీడ కోసం చూడండి. మెరిసేవన్నీ చాక్లెట్ కాగితాలే. ఇంట్లోనో హాల్లోనో అయితే టార్చిని నేలకి ఆనించి వెలిగించండి, అదే పని చేస్తుంది.

ఇక ఇసుక. ఇక్కడే అందరూ పాడుచేస్తారు. దయచేసి ఈ భాగం రెండుసార్లు చదవండి.

22 క్యారెట్ల బంగారం అంతే పరిమాణంలో ఉన్న ఇసుక రేణువు కన్నా ఆరు రెట్లకి పైగా బరువు. పడినప్పుడు ఉంగరం పైపైనే ఉంటుంది, మహా అయితే రెండు వేళ్ల లోతు. మీరు కాలు వేస్తే ఇంకో వేలు దిగుతుంది. చేత్తో కెలికితే పక్క ఇసుక జారి దాని మీద పడుతుంది, ఉంగరం ఆ సందులోంచి ఇంకా కిందికి జారుతుంది. పది నిమిషాలు ఎనిమిది మంది కెలికాక అది ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా తెలీదు.

కాబట్టి పోయిందని తెలిసిన క్షణం చేయాల్సింది ఏమీ చేయకపోవడం. ఎక్కడివాళ్లు అక్కడ ఆగండి. వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేస్తూ బయటికి రండి. వస్తువు పోయిన మనిషి ఎక్కడ కూర్చుంది, ఎటు తిరిగింది, ఏ చేత్తో ఏం చేసింది, అడగండి. "ఇక్కడే ఎక్కడో" అంటే ఒప్పుకోవద్దు. కూర్చున్న చోట నుంచి రెండు బారల దూరానికి నాలుగు మూలలా పుల్లలు పాతి పురికొస కట్టండి. పసిపిల్లల్ని, సలహాలిచ్చే బాబాయిల్ని ఆ గీతకి అవతల నిలబెట్టండి. తర్వాత బోర్లా పడుకుని, కన్ను ఇసుక మట్టానికి తెచ్చి, నాలుగు వైపుల నుంచీ చూడండి. నాకు దొరికినవాటిలో సగం ఈ చూపుకే దొరికాయి, చేట ముట్టుకోకుండానే.

కనిపించకపోతే అప్పుడు చేట. పురికొస అవతల కూర్చుని అంచు నుంచి లోపలికి రండి. తవ్వొద్దు, దోసె మీద పొర తీసినట్టు అర అంగుళం మందాన గీకండి. గీకిన ఇసుక నేరుగా జల్లెడలోకి పోవాలి. జల్లించేది దుప్పటి మీద, గడికి దూరంగా. ఒక పొర మొత్తం అయ్యాకే రెండో పొర. ఇసుక జారకుండా నీళ్లు చల్లమంటారు కొందరు. చల్లితే జల్లెడలోంచి దిగదు, ముద్ద కడుతుంది, ఆ ముద్దలోనే ఉంగరం బయటికి పోతుంది. వద్దు.

ఆ మధ్య కార్తీక మాసంలో ఒక కొత్త జంట. సముద్ర స్నానం చేసొచ్చి ఒడ్డున కూర్చున్నారు. చల్లటి నీళ్లకి వేళ్లు సన్నబడతాయి, అబ్బాయి ఉంగరం జారింది. నేను వెళ్లేసరికి మోకాలి లోతు గొయ్యి. మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపి, "ఏటి పోనాది తల్లీ, నుయ్యి తవ్వుతున్నారేటి?" అంది. గోతిలో ఏముంటుంది? అందర్నీ లేపి, బయటికి విసిరిన ఇసుక గుట్ట దగ్గర కూర్చున్నాను. నలభై నిమిషాలు. ఏడో చేటో ఎనిమిదో చేటో జల్లెడలో పోస్తే టింగుమంది. ఎవరో మొదటి రెండు గుప్పెళ్లలోనే దాన్ని తీసి వెనక్కి పారేశారన్నమాట! మీరూ ఇప్పటికే తవ్వేసి ఉంటే గోతిని వదిలేసి ముందు గుట్టని జల్లించండి.

అల తగిలే చోట పడితే ఈ పద్ధతి పనికిరాదు. నీళ్లలోకి దిగి వెతకొద్దు, అలకి వీపు పెట్టి వంగొద్దు. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు ఎంతమందిని తీసుకెళ్లాయో మనందరికీ తెలుసు. ఆటు వచ్చేదాకా ఆగండి. అమావాస్యకీ పౌర్ణమికీ నీరు ఎక్కువ వెనక్కి తగ్గుతుంది. సముద్రం బరువును బట్టి సర్దుతుంది కాబట్టి నల్ల ఇసుక, గవ్వ పెంకులు పోగుపడిన చారలోనే చూడండి. తుఫాను తర్వాత గట్టు తెగిన చోట అయితే పాత సరుకు కూడా బయటపడుతుంది. 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయిన పావలాలు నాకు అలాగే దొరికాయి.

దొరికాక ఏం చేయాలి? రోడ్డు మీద ఎవరిదో తెలియని రూపాయి తీసుకోవడం నేరం కాదని 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉదాహరణగా రాశారు. ఎవరిదో తెలిసీ, లేదా తెలుసుకునే వీలుండీ వాడుకుంటే మాత్రం ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరమే. బంగారమైతే ఫొటో తీసి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చేయండి. నాదే అని ఎవరైనా వస్తే వస్తువు చూపించకుండా గుర్తులు అడగండి. తొట్లకొండ, బావికొండ బౌద్ధ క్షేత్రాల వైపు మాత్రం చేట, జల్లెడ పట్టుకుని వెళ్లకండి. తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయని విని కొందరు సరదా పడుతుంటారు. అవి రక్షిత స్థలాలు. ఇంకెక్కడైనా భూమిలో దాచిన నిధి దొరికి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలపాలని 1878 చట్టం.

దొరకలేదా? తెల్లవారకముందే ఊడ్చే పారిశుధ్య కార్మికులకీ, దగ్గర్లో బండి పెట్టుకున్నవాళ్లకీ నంబర్ రాసిచ్చి వెళ్లండి. వస్తువు ఎలా ఉంటుందో చెప్పండి, ధర చెప్పొద్దు. పొత్తులావిడ నేనిచ్చిన చీటీలు ఉప్పు డబ్బా మూతలో దాస్తుంది. పోయిన నెల ఒక బుట్టకమ్మ పంతొమ్మిది రోజుల తర్వాత అలా తిరిగొచ్చింది.