వాగు అవతల భూమి కొనేవారికి జాగ్రత్తలు

2023 జూలై 27న భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచెత్తినప్పుడు జనం ఇళ్ల పైకప్పులెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. ఆ ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అయినా, పట్నం వదిలి సొంత తిండి, సొంత నీళ్లతో, ఏ ఆపదకూ వెరవకుండా బతకాలనుకునేవారు ఇప్పటికీ అటువంటి వాగుల వెంబడే ఎకరాలు వెతుకుతున్నారు.

పాసుపుస్తకం, హద్దుల గురించి అందరూ చెబుతారు. నేను చూసినంతలో మనుషులను ముంచే తప్పు ఒక్కటే: ఎండాకాలంలో భూమి చూసి, ఎండాకాలంలోనే బయానా ఇవ్వడం. ఏప్రిల్‌లో వాగంతా ఇసుకే కనుక కారు సాఫీగా దాటిపోతుంది. ఆగస్టులో అదే లోలెవల్ వంతెన మీదుగా నీళ్లు పారితే, రెండో దారి లేని ఊళ్లో పాము కరిచిన మనిషిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేర్చడం అసాధ్యమవుతుంది. కాబట్టి ముసురు పట్టినప్పుడు వెళ్లి చూడండి. అది కుదరకపోతే, ఒడ్డున తుమ్మ కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, ప్లాస్టిక్ సంచులు నేల నుంచి ఎంత ఎత్తున ఉన్నాయో గమనించండి. వరద కనీసం అంత ఎత్తున పారిందన్నమాట. బావిని మాత్రం మే నెలలోనే చూడాలి. ఇక్కడి రాతినేలలో నీళ్లు పగుళ్లలోనే ఉంటాయి కనుక, పక్క చేలో బోరు పడిందని మీ చేలోనూ పడుతుందన్న నమ్మకం లేదు.

ఒకటి నిండితే నీళ్లు కిందిదానిలోకి పారే గొలుసుకట్టు చెరువులు కాకతీయుల కాలం నుంచీ ఈ నేలకు బలమే. కానీ పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ కింది చెరువు మీదే పడతాయి కాబట్టి, మీ పక్క చెరువును చూసి ఊరుకోక, ఎగువన ఎన్ని చెరువులున్నాయో, వాటి కట్టలు ఏ స్థితిలో ఉన్నాయో కూడా తెలుసుకోవాలి. చెరువు నిండాక మత్తడి మీదుగా పొర్లే నీళ్లు పోయే దారిలో ఇల్లు కట్టవద్దు. ఎంత చౌకైనా శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, కొనవద్దు. ఏజెన్సీ గ్రామాల్లో, అంటే షెడ్యూల్డ్ గిరిజన ప్రాంతాల్లో, 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు; తెల్ల కాగితం మీద రాసుకున్నా అంతే.

కోతుల సంగతి ఎవరూ అడగరు. చెల్కలున్న ఊళ్లో కూడా జనం కూరగాయలు అంగట్లోనే కొంటున్నారంటే ఎందుకో అడగండి. కోతుల గుంపులు తిరిగే చోట మక్క, పల్లి, కూరగాయలు ఇంటిదాకా రావు, సొంత తిండి మాట అక్కడితో సరి.

ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఎన్నాళ్లకు బాగుచేస్తారో అడగండి. కరెంటు లేకున్నా నీళ్లు తోడేందుకు చేదబావో, చేతిపంపో ఉండాలి. 2024 డిసెంబర్ 4న ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. పాత మట్టిగోడల ఇంటిని పరీక్ష చేయించకుండా కాపురం పెట్టవద్దు. బియ్యం, మందులు జూన్‌కు ముందే తెచ్చుకోండి. ఎండాకాలంలో బయానా ఇవ్వవద్దు. దళారి తొందరపెడితే అసలే ఇవ్వవద్దు. పారే వాగులో బండి దించవద్దు. ముందు ట్రాక్టరు దాటిందని దించవద్దు. వాన వెలిసిందనీ దించవద్దు. ఎగువన పడిన నీళ్లు గంటల తర్వాత వస్తాయి.